బంగాళాదుంప న్యోక్కీ, మరువపు వెన్న

గత శీతాకాలంలో మా అమ్మీగారికి మిగిలి ఉన్న పళ్ళన్నీ తీయించవలసి వచ్చింది. చిగుళ్ళు పూర్తిగా మానిన తరువాతనే కట్టుడు పళ్ళు అమర్చగలమనీ, అందుకు రెండు మూడు నెలలైనా పడుతుందనీ వైద్యులు చెప్పారు. అంతవరకు గంజి, పలుచని ఖిచిడీ, పాలలో నానబెట్టిన రొట్టె మాత్రమే ఆమె ఆహారం. మొదటి వారం ఓర్చుకున్నారు. రెండవ వారం నుండి మేము దస్తర్‌ఖాన్ పరిచే వేళకు ముందే వంటగదిలో ఒక మూల కూర్చుని, తన గిన్నె తాను ముగించి లేచిపోవటం మొదలుపెట్టారు. కారణం అడిగితే, "నేను గంజి తాగుతూ ఎదురుగా కూర్చుంటే మీకు ముద్ద దిగదు, మీరు తినండి" అన్నారు. ఇంటిల్లిపాదికీ వండి వడ్డించి, అందరితో కలిసి భుజించటమే అలవాటైన మనిషి ఒంటరిగా తినటం మమ్మల్ని చాలా బాధించింది. నెల తిరిగేసరికి ఆమె రవికెలు వదులైనాయి కూడా.

ఆ రోజులలోనే మా అమ్మాయి తన స్నేహితురాళ్ళతో ఒక హోటలుకు వెళ్ళి వచ్చి, అక్కడ తాను తిన్న ఒక ఇటలీ వంటకాన్ని గురించి చెప్పింది. బంగాళాదుంపతో చేసిన చిన్న చిన్న ఉండలట, వెన్నలో పొర్లించి ఇచ్చారట, పళ్ళతో పని లేకుండా నాలుకతో నొక్కితే చాలునట. "దాదీ దీన్ని తినగలదు" అన్నది. దాని ఖరీదు విని మేము ఉలిక్కిపడిన మాట నిజం. ఆ ఒక్క పళ్ళెం ధరకు సంతలో పది కిలోల బంగాళాదుంపలకు తక్కువ రావు. అందువల్ల ఇంట్లోనే చేసి చూద్దామని నిశ్చయించుకున్నాము.

ఆ వంటకం పేరు న్యోక్కీ. ఇంగ్లీషు అక్షరాలను చూసి గ్నోచీ అని చదివేవారు మన వైపు చాలామంది ఉన్నారు. మేమూ మొదట అలాగే చదివాము. ఇటలీ వారి పలుకులో మొదటి అక్షరం మన "జ్ఞానం"లో లాగా ముక్కులోంచి వస్తుంది. చెక్కలోని ముడి అనే అర్థం గల మాటతో కొందరు, వేలి కణుపు అనే అర్థం గల మాటతో కొందరు ఈ పేరుకు చుట్టరికం చెబుతారు. ఆకారాన్ని చూస్తే రెండూ సరిపోతాయి.

న్యోక్కీ పాతది, అందులోని బంగాళాదుంప కొత్తది. ఇటలీలో పూర్వం గోధుమపిండితో, రొట్టె పొడితో, రవ్వతో ఈ ఉండలు చేసుకునేవారు. రోము నగరంలో నేటికీ పాలలో ఉడికించిన రవ్వను పరిచి, గుండ్రంగా బిళ్ళలు కోసి, పైన వెన్న, జున్ను చల్లి కాల్చే న్యోక్కీ ఉన్నది. బంగాళాదుంప దక్షిణ అమెరికా కొండలలో పుట్టి 16వ శతాబ్దంలో స్పెయిను వారి ఓడలలో ఐరోపా చేరింది. చేరినా చాలాకాలం దానిని వింత మొక్కగానే చూశారు. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దంలో గాని అది ఇటలీ సామాన్యుల వంటింట స్థిరపడలేదు. మన దేశానికీ అది ఓడలలో వచ్చినదే. తెలుగునాట ఒకచోట బంగాళాదుంప, ఒకచోట ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ అయి, ఇప్పుడు అది లేని బిర్యానీ విందును కూడా కొందరు ఒప్పుకోవటం లేదు. (మేము ఒప్పుకుంటాము. బిర్యానీలో దానికి పని లేదు.)

ఇది పేదల ఇంటి వంట అన్న సంగతి ఇప్పటి హోటళ్ళ ధరల వల్ల మరుగున పడింది. రోములో గురువారం న్యోక్కీ వండే ఆచారం ఉన్నది. శుక్రవారం మాంసం మానే క్రైస్తవ కుటుంబాలు ముందు రోజున కడుపు నిండుగా ఉండే వంట చేసుకునేవారని దానికి కారణం చెబుతారు. ఇటలీ నుండి వలస వెళ్ళిన వారు ఎక్కువగా ఉన్న అర్జెంటీనాలో ప్రతి నెలా 29వ తేదీ న్యోక్కీ దినం. నెలాఖరున, జీతం చేతికి రాకముందు, ఇంట మిగిలేది పిండి, దుంపలే గదా. పళ్ళెం క్రింద ఒక నోటు ఉంచితే వచ్చే నెల సమృద్ధిగా గడుస్తుందని అక్కడివారి నమ్మకం. ఆ నమ్మకంతో మనకు పని లేదు గాని, 29వ తేదీ నాటి వంటింటి పరిస్థితి మాత్రం ఏ దేశపు గృహిణికైనా తెలిసినదే. ఆ దేశంలో పని చేయకుండా జీతం రోజున మాత్రమే కార్యాలయంలో కనిపించే ప్రభుత్వోద్యోగులను కూడా న్యోక్కీలనే వెక్కిరిస్తారట. నెలకొకసారి ప్రత్యక్షమవుతారు కనుక.

ఇక మా మొదటి ప్రయత్నం. దానిని దాచిపెట్టటం వల్ల ఎవరికీ మేలు లేదు.

పలుచని తొక్కతో, తెల్లగా నిగనిగలాడే కొత్త దుంపలు తెచ్చాము. త్వరగా ఉడకాలని తొక్క తీసి, ముక్కలు కోసి, నీళ్ళు పోసి కుక్కరులో పెట్టాము. ఉడికినవాటిని మెత్తగా కావాలని మిక్సీలో తిప్పాము. అది దుంప ముద్దగా కాక, గాలిపటాలకు కాగితం అతికించే జిగురుగా మారింది. చేతికి అంటుకుంటున్నదని మైదా కలిపాము. ఇంకా అంటుకున్నది, ఇంకా కలిపాము. కొన్ని ఉండలను తక్కువ పిండితో, కొన్నిటిని ఎక్కువ పిండితో చేసి మరిగే నీటిలో వేశాము. తక్కువ పిండివి నీటిలో కరిగిపోయి నీరు గంజి అయింది. ఎక్కువ పిండివి కరగలేదు. ఎంత ఉడికినా రబ్బరు బిళ్ళలుగానే ఉన్నాయి. పళ్ళున్న మేమే నమలలేకపోయాము. ఆ రోజు కూడా అమ్మీ ఖిచిడీయే తిన్నారు.

నీటిలో కరిగిపోవటం మాకు మాత్రమే జరిగిన ప్రమాదం కాదని తరువాత తెలిసి కొంత ఊరట కలిగింది. ఇటలీ గృహవంటలకు పెద్ద గ్రంథంగా పేరు పొందిన పెల్లెగ్రీనో అర్తూసీ వంటల పుస్తకం 1891లో వెలువడింది. అందులో బంగాళాదుంప న్యోక్కీ దగ్గర ఆయన ఇటువంటి కథనే చెబుతాడు. ఒక ఇల్లాలు ఉండలను నీటిలో వేసి, కలియబెట్టుదామని గరిటె పెట్టి చూసేసరికి పాత్రలో ఏమీ లేదు. ఎటు పోయాయని విన్నవారు ఆశ్చర్యపోయారట. పిండి చాలకపోవటం వల్ల అవి నీటిలో కలిసిపోయాయి, అంతే. ఆయన 400 గ్రాముల దుంపకు 150 గ్రాముల గోధుమపిండి వేయమంటాడు.

అయితే అసలు లోపం పిండిలో లేదని కనిపెట్టినది పుస్తకం కాదు, మా అమ్మీ. గంజిగా మారిన పాత్రలోకి ఒకసారి తొంగిచూసి, "దుంప నీళ్ళు తాగింది. ఆలూ కబాబులకు నేను ఎన్నడైనా కోసి ఉడికించానా?" అన్నారు. నిజమే. కబాబు విరిగిపోకూడదంటే దుంప పొడిగా ఉండాలి. ఈ వంటకమూ ఆ కబాబుకు దాయాదే. దుంపలో తడి ఎంత ఎక్కువైతే పిండి అంత ఎక్కువ పడుతుంది. పిండి ఎక్కువైన కొద్దీ ఉండ గట్టిబడుతుంది. కనుక న్యోక్కీ చేయటమంటే ముఖ్యంగా దుంపను తడి లేకుండా ఉడికించటమే. తక్కిన పని చేతికి దానంతట అదే వస్తుంది.

దుంపల ఎంపికతో మొదలుపెట్టాలి. గోటితో గీకితే తొక్క ఊడివచ్చే కొత్త దుంపలు కూరకు రుచిగా ఉంటాయి గాని ఇక్కడ పనికిరావు. తొక్క ముదిరి, కాస్త గరుకుగా, చేతికి బరువుగా తోచే పాత దుంపలు కావాలి. ఉడికిస్తే పగిలి పిండి రాలే రకం. చిప్స్ తయారీకై సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధనా సంస్థ రూపొందించిన కుఫ్రీ చిప్సోనా వంటి రకాలలో నీరు తక్కువ, పిండి ఎక్కువ. అయితే మన కూరగాయల బండి వద్ద రకం పేరు అడిగితే వచ్చే సమాధానం "ఆగ్రా మాల్" అనే ఒక్కటే. అందువల్ల ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటి ఉన్నది. పదకొండు గ్లాసుల నీటిలో ఒక గ్లాసు ఉప్పు కరిగించి దుంపను వేయాలి. మునిగితే పిండి ఎక్కువ ఉన్న దుంప, తేలితే నీరు ఎక్కువ ఉన్న దుంప. మునిగినవాటిని కడిగి దీనికి వాడుకోవచ్చు, తేలినవాటిని కూరకు ఉంచుకోవచ్చు. ఆ ఉప్పునీరు పారబోయకుండా మామిడికాయ ముక్కలు ఊరవేయటానికి పనికొస్తుందని అమ్మీ అన్నారు గాని, మట్టి దుంపలు మునిగిన నీరు గనుక మేము ఒప్పుకోలేదు.

ఫ్రిజ్‌లో దాచిన దుంపలు కూడా వద్దు. మరీ చల్లదనంలో దుంపలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. అటువంటి దుంప తియ్యగా ఉంటుంది, వేయిస్తే నల్లబడుతుంది. గాలి తగిలే చీకటి మూలలో గంపలో ఉంచటమే మేలు. పచ్చబడిన దుంపలనూ, మొలకలెత్తినవాటినీ పెద్దలకు, పిల్లలకు పెట్టే వంటలో వాడరాదు. వాటిలో చేటు చేసే పదార్థం చేరుతుంది.

నలుగురైదుగురికి ఒక కిలో దుంపలు, 250 గ్రాముల మైదా, ఒక గుడ్డు, ఒక చెంచా ఉప్పు చాలు. సమానమైన పరిమాణం గల దుంపలను తొక్కతోనే చల్లని ఉప్పునీటిలో వేసి పొయ్యి మీద పెట్టాలి. పరిమాణాన్ని బట్టి అరగంట నుండి నలభై నిమిషాలు పడుతుంది. చాకు మొన అడ్డు లేకుండా దిగితే ఉడికినట్లు. ఉడికిందో లేదోనని మాటిమాటికీ గుచ్చితే ఆ రంధ్రాల గుండా నీరు లోపలికి పోతుంది. మేము ఇప్పుడు ఇడ్లీ పాత్రలో ఆవిరి మీదనే ఉడికిస్తున్నాము. కాస్త ఆలస్యమైనా దుంప నీటిని తాకదు.

వేడిగా ఉండగానే, బట్టతో పట్టుకుని తొక్క తీయాలి. చల్లారితే ముద్ద గడ్డలు కడుతుంది. మిక్సీ మాట తలపెట్టరాదు. మిక్సీ రెక్కలు దుంపలోని కణాలను చీల్చి లోపలి పిండిని బయటికి లాగుతాయి. మాకు దొరికిన జిగురు అదే. ఇటలీ ఇళ్ళలో దుంపను నొక్కి సన్నని తీగలుగా దించే ఒక పరికరం ఉంటుంది. దానిని ఎక్కడ కొనాలా అని మేము వెదుకుతుండగా అమ్మీ అటక మీది నుండి జంతికల గొట్టం దింపించారు. కారప్పూస బిళ్ళ వేసి వేడి దుంపను నొక్కితే, ఒక్క గడ్డ లేకుండా తెల్లని పోగులు పళ్ళెంలోకి జారాయి. ఈ పనికి ఇంతకంటే మంచి పరికరం ఇటలీలోనూ ఉండదని మా అభిప్రాయం.

ఆ పోగులను వెడల్పాటి పళ్ళెంలో పరిచి, ఆవిరి పోయేదాకా పది నిమిషాలు వదిలివేయాలి. తొందరపడవద్దు. పోయే ఆవిరి అంతా మనం కలపనవసరం లేని పిండి. చేతికి గోరువెచ్చగా తగిలే సమయంలో ఉప్పు, గిలకొట్టిన గుడ్డు, మూడు వంతుల మైదా చల్లి, వేళ్ళతో దగ్గరికి చేర్చాలి. రొట్టెల పిండిలా పిసకరాదు. పిసికిన కొద్దీ మైదాలోని జిగి సాగి ఉండ గట్టిపడుతుంది. ముద్ద అయ్యీ కానట్లు ఉండగానే ఆపాలి. మిగిలిన మైదాను బల్ల మీద చల్లుకోవటానికి, మరీ అంటుకుంటే కలపటానికి వాడుకోవాలి. గుడ్డు వేయకుండా చేసేవారూ ఉన్నారు. వారి ఉండలు ఇంకా తేలికగా ఉంటాయి గాని కొత్తవారి చేతిలో విడిపోయే భయం ఉన్నది.

ఇక్కడ అర్తూసీ కథలోని ఇల్లాలిని తలచుకోవాలి. ముద్ద అంతటినీ ఉండలు చేయక ముందే ఒకే ఒక్క ముక్కను కోసి మరిగే నీటిలో వేసి చూడాలి. నిలిచి పైకి తేలితే సరి. అంచులు కరుగుతుంటే ఇంకొక గుప్పెడు పిండి కలపాలి. ఈ ఒక్క నిమిషపు పరీక్ష మా రెండవ ప్రయత్నాన్ని కాపాడింది.

ముద్దను భాగాలు చేసి, పిండి చల్లిన బల్ల మీద వేలి లావున తాళ్ళుగా ఒత్తి, అర అంగుళానికి కాస్త మించి ముక్కలు కోయాలి. ఒక్కొక్క ముక్కను ఫోర్కు వెనుక భాగంలో ఉంచి బొటనవేలితో మెల్లగా నొక్కుతూ జార్చితే, ఒకవైపు గుంట, మరొకవైపు గీతలు పడతాయి. గీతలలో వెన్న నిలుస్తుంది, గుంట వల్ల ఉండ లోపలిదాకా సమంగా ఉడుకుతుంది. ఈ పని పిల్లలకు అప్పగించాము. మా చిన్నవాడు ఫోర్కు వదిలి దువ్వెన తీయబోయాడు, సమయానికి చూశాము. అమ్మీ కూడా ముందుకు జరిగి కూర్చుని, ఫోర్కు ఎందుకని, సేమియా నలిచే చేతి వాటంతో అరచేతి అంచునే వాడి మా అందరికంటే వేగంగా పళ్ళెం నింపారు.

కోసిన ఉండలను ఎక్కువసేపు ఉంచరాదు. తడి ఊరి ఒకదానికొకటి అంటుకుంటాయి. వెడల్పాటి పాత్రలో నీరు బాగా మరిగించి, లీటరుకు పది గ్రాముల చొప్పున ఉప్పు వేసి, మంట కాస్త తగ్గించి, కొద్దికొద్దిగా జార్చాలి. రెండు మూడు నిమిషాలలో పైకి తేలుతాయి. తేలిన తరువాత అరనిమిషం ఆగి చిల్లుల గరిటెతో తీయాలి. ఉడికిన నీటిని పారబోయవద్దు, దానితో పని ఉన్నది.

ఇక వెన్న. ఇటలీలో దీనికి మిక్కిలి ప్రసిద్ధమైన జోడు వెన్న, సేజ్ ఆకు. ఈ మాట వినగానే మనకు గుర్తురావలసినది మన నెయ్యి కాచే విధానం. వెన్న కాగేటప్పుడు తమలపాకో, మునగాకో, కరివేపాకు రెబ్బో వేసే ఇళ్ళు మన ప్రాంతంలో ఎన్ని లేవు? అదే పని వీరు సేజ్ ఆకుతో చేస్తారు, నెయ్యిని వడగట్టకుండా అక్కడే ఆపుతారు. వంద గ్రాముల వెన్నను సన్నని మంట మీద కరిగించాలి. మొదట అందులోని నీరు చిటపటలాడుతూ నురుగుగా పోతుంది. చప్పుడు తగ్గి, అడుగున మీగడ రేణువులు లేత గోధుమవర్ణానికి తిరిగి, వేయించిన బాదం వంటి పరిమళం రాగానే ఆకులు వేయాలి. ఇక్కడ కనురెప్ప వాలిస్తే మాడిపోతుంది. అంగట్లో దొరికే ఉప్పు వెన్న అయితే వేరే ఉప్పు వేయనక్కరలేదు.

తాజా సేజ్ మన ఊళ్ళలో సులభంగా దొరకదు. దాని కొరకు బాధపడవలసిన పని లేదు. మన పూల అంగళ్ళలో మాలల మధ్య కట్టే మరువం, ఇటలీ వంటలలో వాడే మార్జోరమ్ రెండూ ఒకే మొక్క. తలలో ముడుచుకునేదే గాని వంటలో వేయవచ్చునని మన వైపు ఎవరూ తలచలేదు. అయితే పూల అంగడి మరువం మీద మందులు చల్లి ఉండవచ్చు. కుండీలో పెంచినదే వాడాలి. సబ్జా గింజలనిచ్చే మొక్క కూడా అటువంటిదే. రమజాన్ షర్బత్తులో, ఫాలూదాలో మనం నానబెట్టుకునే ఆ గింజలు ఇటలీ వంటలలో వాడే బాసిల్ మొక్కవి; తెలుగులో రుద్రజడ, ఉర్దూలో రేహాన్. ఒక గుప్పెడు గింజలు కుండీలో చల్లితే నెల తిరిగేసరికి ఆకు చేతికి వస్తుంది. మరువం, రుద్రజడ లేత ఆకులు గనుక పొయ్యి ఆపిన తరువాతనే వేయాలి, లేకుంటే నల్లబడతాయి. వామాకు ఘాటు సేజ్‌ను పోలదు గాని వెన్నకు చక్కగా పొందుతుంది. సన్నగా తరిగి వేస్తే కరకరలాడుతుంది. అందులో నీరు ఎక్కువ కనుక వెన్న చిందుతుంది, దూరంగా నిలబడాలి. ఒకటి రెండు వెల్లుల్లి రెబ్బలు మా చేర్పు.

పొయ్యి ఆపి, వెన్నలో ఉడికిన నీటిని అర గరిటెడు పోసి గిన్నెను కుదపాలి. ఆ నీటిలోని పిండి వెన్నను పట్టి ఉంచి, నూనెలా విడిపోకుండా పలుచని పూతగా చేస్తుంది. ఉండలను వేసి ఒక నిమిషం సన్నని సెగ మీద పొర్లించి, మిరియాల పొడి, నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే ముగిసినట్లే.

పైన తురిమే జున్ను సంగతి మన కుటుంబాలు కాస్త గమనించాలి. పేరుపొందిన పర్మిజానో రెజ్జానో అనే ఇటలీ జున్నును వారి నియమం ప్రకారం దూడ కడుపు నుండి తీసిన రెన్నెట్‌తోనే పాలు విరిచి తయారుచేస్తారు. ఆ దూడ వధ ఏ పద్ధతిలో జరిగిందో మనకు తెలియదు. ఇటువంటి జున్ను విషయమై ధర్మవేత్తల మధ్య అభిప్రాయ భేదం ఉన్నది. మన దేశంలో పచ్చని చుక్క ముద్రతో అమ్మే జున్నులో జంతు రెన్నెట్ ఉండదు గనుక మేము దానినే వాడాము. పైదేశాలలో ఉన్న మన పిల్లలు హోటలులో న్యోక్కీ అడిగేటప్పుడు పులుసులో ద్రాక్ష సారాయి గాని, పంది మాంసపు ముక్కలు గాని కలిపారేమో ముందుగానే విచారించుకోవాలి. ఇంట్లో చేసుకుంటే ఈ విచారమే లేదు.

పెద్దల విషయంలో మరి రెండు జాగ్రత్తలు. పళ్ళు లేనివారు ఉండను మొత్తంగా మింగబోతే గొంతులో అడ్డుపడవచ్చు. అందువల్ల అమ్మీ కొరకు శనగగింజ కంటె కొంచెం పెద్దవిగా కోసి, వెన్న నీరు కాస్త ఎక్కువగా పోసి, పక్కనే కూర్చుని తినిపించాము. రెండవది, ఇందులో ఉన్నది దుంప, మైదా, వెన్న. మధుమేహం ఉన్నవారికి ఇది నిత్యాహారం కానేరదు. అమ్మీకి కూడా చక్కెర వ్యాధి ఉన్నది. వైద్యులను అడిగి, వారానికి ఒక్కసారి, ఒక చిన్న గిన్నెడు మాత్రమే, దానితో పాటు మెత్తగా ఉడికిన పాలకూర, ఎముకలు తీసిన మాంసపు షోర్బా పెట్టాము. కండ పట్టటానికి దుంప చాలదు, మాంసకృత్తులు వేరే అందాలి.

ఆ రెండవ ప్రయత్నం నాటి రాత్రి అమ్మీని పిలవవలసిన అవసరం రాలేదు. ఉండలు తేలుతున్నాయో లేదో చూడటానికి ఆమె పొయ్యి దగ్గరే ఉన్నారు. అవి పళ్ళెంలోకి రాగానే మాతోపాటే దస్తర్‌ఖాన్ వద్ద కూర్చున్నారు. మొదటి ముద్ద తరువాత ఏమీ అనలేదు. రెండవ ముద్ద తరువాత ఉప్పు చాలలేదన్నారు. ఖిచిడీ తిన్న నెల రోజులలో ఆమె ఒక్కసారి కూడా ఉప్పు గురించి మాట్లాడలేదని అప్పుడు గుర్తుకు వచ్చింది.

మిగిలినవాటిని పచ్చిగానే పళ్ళెంలో విడివిడిగా పరిచి, డీప్‌ఫ్రిజ్‌లో గట్టిపడిన తరువాత సంచిలో వేసుకోవచ్చు. కరిగించకుండా నేరుగా మరిగే నీటిలో వేయాలి. ఉడికినవి మిగిలితే మరునాటి ఉదయం పెనం మీద కాస్త నెయ్యితో రెండువైపులా ఎర్రగా కాల్చితే పైన కరకర, లోపల మెత్తన. ఇప్పుడు అమ్మీకి కట్టుడు పళ్ళు అమిరాయి. ఆమెకు ఈ పెనం మీది న్యోక్కీయే ఎక్కువ ఇష్టం. వాటి మీద ఎండుమిరప కారం, జీలకర్ర పొడి చల్లుకుంటారు. ఇటలీవారు చూస్తే ఏమంటారోనని మా అమ్మాయి అంటే, "వారికి కారం అలవాటు లేదు, పాపం" అన్నారు.